వేరే భాష పిల్లలు బడిలో చేరే ముందు చూసుకోవాల్సినవి

గేటుకు స్వాగతం బోర్డు కట్టడం పెద్ద పనేం కాదు. అసలు పని అంతకు ముందే ఉంటుంది.

- పేరు ఎలా పలకాలో తల్లిదండ్రులనే అడిగి, పలికి చూసుకోండి. నోరు తిరగట్లేదని కొత్త పేరు తగిలించొద్దు.

- ఇంట్లో ఏ భాష, ఏ లిపి చదవడం వచ్చు, ఏం తినరు, ఏ పండగలకు సెలవు కావాలి, ఇవన్నీ చేర్చుకునేటప్పుడే రాసుకోండి. పరీక్షల తేదీలు వేశాక మార్చడం ఎంత తలనొప్పో తెలిసిందేగా.

- ఇది మాత్రం మరీ ముఖ్యం. మొదట్లో కొన్ని నెలలు కొందరు పిల్లలు అసలు నోరు విప్పరు, అంతమాత్రాన చదువు రాదని ముద్ర వేయకండి, వాళ్లు వింటూ నేర్చుకుంటూనే ఉంటారు. ఆటల్లో మాట్లాడే భాష సుమారు రెండేళ్లలో వచ్చేసినా, పాఠం అర్థం చేసుకుని రాసే భాషకు 5 నుంచి 7 ఏళ్లు పట్టొచ్చని కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ చెప్పారు. కాబట్టి గలగలా మాట్లాడేస్తున్నారు కదా అని సాయం ఆపేయొద్దు.

- సొంత భాష మాట్లాడితే ఫైన్ అనే రూల్ ఉందా? తీసేయండి. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 30వ అధికరణం మైనారిటీ పిల్లలకు తమ భాష వాడుకునే హక్కు ఉందంటోంది. ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడమని సలహా ఇవ్వడం కూడా అనవసరం.

- పేరెంట్స్ మీటింగ్‌లో ఆ పిల్లల చేతే అనువాదం చేయించొద్దు. తన మీద ఫిర్యాదు తానే అమ్మకు ఎలా చెప్తారు, చెప్పినా ఉన్నది ఉన్నట్టు చెప్తారా?

- ఎవరైనా యాసను వెక్కిరిస్తే ఏ టీచర్‌కు చెప్పాలో మొదటి రోజే చూపించండి, టీచర్ల గదిలో జోకులకూ ఇదే రూల్.