బేస్ గిటార్ విప్పే ముందు జాగ్రత్తలు

హమ్ (గుయ్‌మనే మోత) వస్తోందని వెంటనే స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. ముందు కేబుల్ మార్చి చూడండి.

• హమ్ తగ్గుతుందని ఆంప్ (యాంప్లిఫయర్) ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేస్తారు కొందరు. వద్దే వద్దు. లోపల లీకేజీ ఉంటే 230 వోల్టులు తీగల మీదుగా మీ చేతికే వస్తాయి. సాకెట్‌లో ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

• జాజ్ బేస్ అనే మోడల్‌లో తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే పికప్‌లు రెండుంటాయి. ఒక్కటే వాడితే హమ్ సహజం. రెండిటి వాల్యూమ్ ఫుల్‌గా పెడితే పోతోందా? ఇక విప్పక్కర్లేదు.

• తీగలు పట్టుకున్నా హమ్ తగ్గకపోతే బ్రిడ్జి (తీగల కింది చివర బిగించే లోహపు భాగం) కింది గ్రౌండ్ వైరు ఊడిందేమో. మల్టీమీటర్‌తో బ్రిడ్జికీ, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) గ్రౌండ్‌కీ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. సున్నా ఓమ్‌లకి దగ్గరగా చూపాలి.

• విప్పక తప్పకపోతే ముందు కేబుల్ పీకేయండి, యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే బ్యాటరీ కూడా. వైరింగ్ ఫోటో తీశాకే సోల్డరింగ్ ఐరన్ వేడి పెట్టండి. పికప్ చుట్టిన తీగ వెంట్రుకంత సన్నం, తగిలితే తెగుతుంది.