విండోస్ లాగిన్‌తో ఎస్‌క్యూఎల్ సర్వర్ లోపలికి రానివ్వకపోతే: సమస్య - పరిష్కారం

ముందు సర్వర్ ఎర్రర్‌లాగ్ (తప్పులు నమోదయ్యే ఫైలు) తెరవండి. 18456 (లాగిన్ విఫలమైంది) ఎర్రర్ వచ్చినప్పుడు క్లయింట్ తెర మీద స్టేట్, అంటే కారణాన్ని చెప్పే నంబరు, సాధారణంగా 1 అనే కనిపిస్తుంది. అసలు కారణం బయటివాళ్లకు తెలియకూడదని కావాలనే అలా పెట్టారు. నిజమైన స్టేట్ నంబరు, క్లయింట్ ఐపీ అడ్రస్ లాగ్‌లో ఉంటాయి.

లాగ్ చూసి ఒక్క విషయం తేల్చుకోవాలి: మీరెవరో సర్వర్‌కు రుజువు కాలేదా, లేక రుజువయ్యాక అనుమతి దొరకలేదా? ఇది తేలకుండా మొదలుపెడితే ఎస్‌పీఎన్ (డొమైన్‌లో ఒక సర్వీస్‌ను గుర్తించే పేరు) తప్పుకు లాగిన్లు సృష్టిస్తూ, అనుమతి లోపానికి ఎస్‌పీఎన్‌లు మారుస్తూ రోజంతా గడిచిపోతుంది.

లక్షణం: 18456, లాగ్‌లో డొమైన్ యూజర్ పేరు సరిగ్గానే ఉంది

గుర్తింపు రుజువైంది, అనుమతి దగ్గర ఆగింది. స్టేట్ 5 అంటే ఆ పేరుతో లాగిన్ లేదు. స్టేట్ 11 అయితే యూజర్ విండోస్‌కు తెలుసు, సర్వర్‌లోకి దారే లేదు. ఎక్స్‌పీ_లాగిన్‌ఇన్ఫో ప్రొసీజర్‌కు యూజర్ పేరు, 'ఆల్' ఇచ్చి నడిపితే ఏ గ్రూపు ద్వారా ప్రవేశం వస్తోందో చూపిస్తుంది. ఏ గ్రూపూ రాకపోతే క్రియేట్ లాగిన్ ... ఫ్రమ్ విండోస్‌తో గ్రూపును చేర్చండి. గ్రూపులో యూజర్‌ను ఇప్పుడే చేర్చి ఉంటే అతను లాగాఫ్ చేసి మళ్లీ రావాలి, పాత టోకెన్‌లో (లాగిన్ అయినప్పుడు విండోస్ ఇచ్చే గుర్తింపు వివరాల్లో) కొత్త గ్రూపు ఉండదు. సర్వర్ మెషీన్ మీదే లోకల్ అడ్మిన్‌గా ప్రయత్నిస్తుంటే యూఏసీ (అడ్మిన్ హక్కులను అడిగాకే ఇచ్చే విండోస్ రక్షణ) ఆ హక్కును దాచేస్తుంది. మేనేజ్‌మెంట్ స్టూడియోను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. అన్నీ సరిగ్గా ఉన్నా ఆగితే కనెక్ట్ ఎస్‌క్యూఎల్ అనే అనుమతి మీద ఎక్కడైనా డినై (నిరాకరణ) ఉందేమో వెతకండి. ఒక్క గ్రూపు మీద డినై ఉన్నా మిగతా గ్రాంట్లు పనిచేయవు.

స్టేట్ 38, 40 వస్తే లోపం డేటాబేస్‌ది: అడిగినదో, డిఫాల్ట్‌గా పెట్టినదో తెరుచుకోవడం లేదు. కనెక్షన్ ప్రాపర్టీస్‌లో మాస్టర్ అని ఇచ్చి లోపలికి వెళ్లి సరిచేయండి.

లక్షణం: "కెనాట్ జనరేట్ ఎస్‌ఎస్‌పీఐ కాంటెక్స్ట్"

ఎక్కువమందిని తికమకపెట్టేది ఇదే. ఎస్‌ఎస్‌పీఐ అంటే గుర్తింపు రుజువుకు విండోస్ వాడే ఇంటర్‌ఫేస్. క్లయింట్ సర్వర్ పేరు, పోర్టు కలిపి ఎంఎస్‌ఎస్‌క్యూఎల్‌ఎస్‌వీసీ/పూర్తిపేరు:1433 లాంటి ఎస్‌పీఎన్ తయారుచేసి డొమైన్ కంట్రోలర్‌ను (డొమైన్ అకౌంట్లను చూసే సర్వర్‌ను) కెర్బరోస్ టికెట్ అడుగుతుంది; కెర్బరోస్ అంటే టికెట్ల ద్వారా గుర్తింపు రుజువు చేసే పద్ధతి. ఆ ఎస్‌పీఎన్ ఏ అకౌంట్ కింద నమోదై ఉందో, టికెట్ ఆ అకౌంట్ కీతోనే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. సర్వీస్ వేరే అకౌంట్ కింద నడుస్తుంటే టికెట్‌ను విప్పలేదు. ఇక్కడే గమనించాలి: ఎస్‌పీఎన్ అసలు లేకపోతే క్లయింట్ సాధారణంగా ఎన్‌టీఎల్‌ఎంకు (విండోస్ పాత రుజువు పద్ధతికి) దిగిపోయి కనెక్ట్ అయిపోతుంది. తప్పు అకౌంట్ కింద ఉంటే ఎక్కువగా ఈ ఎర్రర్ వస్తుంది. అందుకే సర్వీస్ అకౌంట్ మార్చిన వెంటనే ఇది ఎక్కువగా బయటపడుతుంది.

సెట్‌ఎస్‌పీఎన్ -క్యూ తర్వాత ఆ ఎస్‌పీఎన్ ఇస్తే అది ఎవరి కింద ఉందో చెబుతుంది. -ఎక్స్ డూప్లికేట్లను చూపిస్తుంది. పాత అకౌంట్ నుంచి -డీతో తీసేసి, కొత్త అకౌంట్‌కు -ఎస్‌తో చేర్చండి. -ఎస్ చేర్చే ముందు డూప్లికేట్ ఉందేమో చూసుకుంటుంది కాబట్టి -ఏ వాడకండి. నేమ్డ్ ఇన్‌స్టాన్స్ అయితే పోర్టుతో ఒకటి, ఇన్‌స్టాన్స్ పేరుతో ఒకటి కావాలి. తర్వాత క్లయింట్‌లో కేలిస్ట్ పర్జ్ నడపండి. లేకపోతే పాత టికెట్టే మళ్లీ వెళుతుంది. డొమైన్ కంట్రోలర్లు ఎక్కువగా ఉంటే రెప్లికేషన్ పూర్తయ్యేదాకా ఆగాలి.

ఎస్‌పీఎన్ సరిగ్గా ఉంటే గడియారాలు చూడండి. డిఫాల్ట్‌గా 5 నిమిషాల కంటే ఎక్కువ తేడాను కెర్బరోస్ ఒప్పుకోదు. డబ్ల్యూ32టీఎం /రీసింక్‌తో సరిచేయవచ్చు.

లక్షణం: ఎన్‌టీ అథారిటీ\అనానిమస్ లాగాన్‌కు 18456

మధ్యలో వెబ్ సర్వరో లింక్డ్ సర్వరో (ఒక ఎస్‌క్యూఎల్ సర్వర్ నుంచి మరోదానికి పెట్టిన కనెక్షన్) ఉంది. యూజర్ గుర్తింపు మొదటి సర్వర్ దాకా వచ్చి, రెండోదానికి దాటలేదు. ఎన్‌టీఎల్‌ఎం అలా దాటించలేదు, కెర్బరోస్ కావాలి. మొదటి సర్వర్‌కు కనెక్టయి సిస్.డీఎం_ఎగ్జెక్_కనెక్షన్స్‌లో మీ సెషన్‌కు ఆథ్_స్కీమ్ ఏముందో చూడండి. ఈ పరీక్ష వేరే మెషీన్ నుంచే చేయాలి. అదే సర్వర్ మీద చేస్తే ఎస్‌పీఎన్ బాగున్నా ఎన్‌టీఎల్‌ఎం అనే రావచ్చు. కెర్బరోస్ అని వచ్చాక, మధ్య సర్వర్ సర్వీస్ అకౌంట్‌కు యాక్టివ్ డైరెక్టరీలో డెలిగేషన్ (యూజర్ తరఫున వేరే సర్వర్‌కు వెళ్లే అనుమతి) ఇచ్చి, రెండో సర్వర్ ఎస్‌పీఎన్‌ను మాత్రమే అందులో చేర్చండి. ఏ సర్వీస్‌కైనా డెలిగేట్ చేసే అనుమతి ఇవ్వకండి, అది ప్రమాదకరం. ఒకరిద్దరికే ఈ ఇబ్బంది ఉంటే వాళ్లు ప్రొటెక్టెడ్ యూజర్స్ గ్రూపులో ఉన్నారేమో చూడండి, వాళ్ల గుర్తింపు డెలిగేట్ కాదు.

లక్షణం: 18452, అన్‌ట్రస్టెడ్ డొమైన్

డొమైన్‌లో లేని మెషీన్ అయితే రన్‌యాజ్ /నెట్‌ఓన్లీతో డొమైన్ యూజర్ ఇచ్చి టూల్ తెరిస్తే చాలు. సర్వర్ మీదే ఉండి డీఎన్‌ఎస్ మారుపేరుతో కనెక్ట్ అవుతుంటే లూప్‌బ్యాక్ చెక్ (మెషీన్ తనకు తానే వేరే పేరుతో లాగిన్ కాకుండా ఆపే విండోస్ రక్షణ) అడ్డుకుంటోంది. రిజిస్ట్రీలో ఎల్‌ఎస్‌ఏ కింద ఎంఎస్‌వీ1_0 కీలో బ్యాక్‌కనెక్షన్‌హోస్ట్‌నేమ్స్ అనే మల్టీ స్ట్రింగ్‌లో ఆ మారుపేరు రాసి, రీస్టార్ట్ చేయండి. డిసేబుల్‌లూప్‌బ్యాక్‌చెక్‌తోనూ పని జరుగుతుంది, కానీ అది రక్షణను మొత్తంగా తీసేస్తుంది, ప్రొడక్షన్‌లో వాడకండి.