బెండ మీద బూడిద తెగులుకి మడాకు కషాయం - నా అనుభవం

మాది కాకినాడ వైపు కోరంగి దగ్గర, చలికాలం వచ్చిందంటే పెరట్లో బెండాకుల మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు. ఈసారి మా చెరువు గట్టు మీదున్న తెల్లమడ, అంటే ఉప్పునీటి మడ అడవుల్లో పెరిగే చెట్టు, ఆకులు కోసా (కోరంగి అభయారణ్యంలో కొయ్యకండి, కేసవుద్ది). మడాకు ఉప్పుని బయటికి కక్కుద్ది కదా, అందుకే ముందు మంచినీళ్ళతో బాగా కడగాలి, లేదంటే ఆ ఉప్పుకే బెండాకు మాడిపోద్ది. నీడన ఆరబెట్టి, దంచి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి, పల్చగా కలిపి, ముందు ఒక్క మొక్క మీద చూసుకుని అప్పుడు సాయంత్రం పూట ఆకు అడుగు కూడా తడిసేలా అన్నిటికీ కొట్టా. పాత మచ్చలు పోలేదు గానీ కొత్తాకులు శుభ్రంగా వచ్చాయి. బాగా ముదిరిపోయిన వాటికి మాత్రం లీటరుకి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకమే. మడ అడవుల్లోనే ఉండే తిల్లచెట్టు జోలికి మాత్రం పోకండి, దాని పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం.