ట్రాక్ మీద బ్రేక్ పెడల్ మెత్తబడితే నేనేం చేశానంటే

సూపర్‌కార్ కొనడం ఒక ఖర్చు, దాన్ని ట్రాక్ మీద తోలడం ఇంకో ఖర్చు. నా కారులో కొన్ని ల్యాప్‌లు గట్టిగా తిప్పేసరికి బ్రేక్ పెడల్ మెత్తగా కిందికి దిగిపోయేది, ప్యాడ్లు చూస్తేనేమో బాగానే ఉన్నాయి. అసలు గొడవ బ్రేక్ ఫ్లూయిడ్‌ది, అంటే మనం పెడల్ తొక్కిన బలాన్ని బ్రేకులకు చేర్చే ద్రవానిది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, మనం తొక్కిన బలమంతా వాటిని నొక్కడానికే పోతుంది. 300 డిగ్రీలు దాటినా తట్టుకునే రేసింగ్ ఫ్లూయిడ్ పోయించి, లైన్లలో గాలి మొత్తం తీయించా. ఇప్పుడు పెడల్ రాయిలా ఉంది.

పర్సుకు అసలు దెబ్బ కార్బన్ సెరామిక్ డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరుగుతుంటే ప్యాడ్లు నొక్కి ఆపే పళ్లేలు. రోడ్డు మీద ఏళ్ల తరబడి వస్తాయి గానీ ట్రాక్ వేడికి వాటిలోని కార్బన్ మెల్లగా కాలిపోతుంది, మందం పెద్దగా తగ్గకపోయినా బరువు తగ్గుతుంది, అందుకే విప్పి తూకం వేయించి డిస్కు మీద రాసి ఉండే కనీస బరువుతో పోల్చి చూడాలి. నేను వాటిని దాచేసి, ట్రాక్ కోసం ఇనుప డిస్కులు, వాటికి తగ్గ ప్యాడ్లు బిగించా. బరువు ఎక్కువే, అయినా మార్చేటప్పుడు గుండె ఆగదు. టైర్ల సంగతి అడక్కండి. ఇన్సూరెన్స్ కాగితాలు మాత్రం చదవండి, మామూలు పాలసీలు చాలావరకు ట్రాక్ ప్రమాదాలను కవర్ చేయవు.