అమెరికాలో ఎంబీఏ అయ్యాక వీసా ఎక్కడ ఇరుక్కుంటుంది? సమస్య - పరిష్కారం

అమెరికాలో ఎంబీఏ చివరి సెమిస్టర్‌లో ఉన్న మనవాళ్లను అడిగితే టెన్షన్ అంతా హెచ్-1బి (ఉద్యోగ వీసా) లాటరీ గురించే అంటారు. బిజినెస్ స్కూల్ విద్యార్థులకు అసలు చిక్కు చాలాసార్లు లాటరీ కన్నా ముందే, కాగితాల్లోనే మొదలవుతుంది. ఐ-20 (కాలేజీ ఇచ్చే అర్హత పత్రం) మీద ఉన్న కోడ్, ఆఫర్ లెటర్‌లో రాసిన ఉద్యోగం పేరు, సెవిస్‌లో (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు) నమోదైన తేదీ, వీటిలో ఏదో ఒకటి తేడాగా ఉంటుంది. కంప్యూటర్ సైన్స్‌లో ఎంఎస్ చేసిన స్నేహితుడిని సలహా అడిగితే సగమే పనికొస్తుంది, ఎందుకంటే ఈ చిక్కుల్లో చాలావాటి జోలికి అతను వెళ్లి ఉండడు.

ఓపీటీ ఏడాదే, స్టెమ్ పొడిగింపు రాదంటున్నారు

ఓపీటీ అంటే చదువయ్యాక పని చేయడానికి ఇచ్చే ఏడాది అనుమతి. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం (స్టెమ్) డిగ్రీలకు అది ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. అది రాకపోవడానికి కారణం ఐ-20లో ప్రోగ్రామ్ వివరాల దగ్గర ఉండే ఆరంకెల సీఐపీ కోడ్ (చదివే సబ్జెక్టుకు ప్రభుత్వం ఇచ్చిన నంబర్). మామూలు బిజినెస్ అడ్మినిస్ట్రేషన్ కోడ్ 52.0201 స్టెమ్ జాబితాలో లేదు. మేనేజ్‌మెంట్ సైన్స్ కోడ్ 52.1301, బిజినెస్ అనలిటిక్స్ కోడ్ 30.7102 ఉన్నాయి. ఒకే కాలేజీలో ఒకే క్లాసులో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి మూడేళ్లు, ఇంకొకరికి ఏడాది దక్కేది ఇందుకే. బ్రోషర్‌లో 'అనలిటిక్స్' అని ఎంత పెద్ద అక్షరాలతో వేసినా ప్రభుత్వం చూసేది కోడ్‌నే.

చాలా స్కూళ్లలో స్టెమ్ ట్రాక్ అని విడిగా ఉంటుంది. కొన్ని కోర్సులు తీసుకుని, స్కూల్ అడిగిన ఫారం ఇస్తే కోడ్ మారుస్తారు. కానీ ఆ పని చదువు పూర్తికాకముందే అవ్వాలి. డిగ్రీ చేతికొచ్చాక డీఎస్‌ఓని (కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి) ఎంత బతిమాలినా ఆయన చేతుల్లో ఏమీ ఉండదు. ఇంకా అడ్మిషన్ దశలోనే ఉన్నవాళ్లు ర్యాంకింగ్ చూసే ముందు ఈ కోడ్ ఏమిటో స్కూల్‌కి మెయిల్ పెట్టి రాతపూర్వకంగా తెలుసుకోండి.

మరో అపోహ: 'నాది జేఎన్‌టీయూ బీటెక్, దాంతో స్టెమ్ తీసుకోవచ్చు కదా?' కుదరదు. పాత డిగ్రీ చూపించాలంటే అది అమెరికాలో గుర్తింపు ఉన్న విద్యాసంస్థ ఇచ్చినదై, గత పదేళ్ల లోపుదై ఉండాలి. అంటే ముందు అమెరికాలో ఎంఎస్ చేసి, ఆ డిగ్రీ మీద స్టెమ్ పొడిగింపు వాడుకోనివాళ్లకు దారి ఉంది, ఉద్యోగం ఆ ఎంఎస్‌కి సంబంధించినదైతే. కానీ వీళ్లకు కింద చెప్పిన ఇంకో చిక్కు ఎదురవుతుంది.

కోడ్ సరిగ్గా ఉన్నా కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగి పని అర్హతను ఆన్‌లైన్‌లో సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి, జీతం ఇవ్వాలి, వారానికి కనీసం 20 గంటల పని ఉండాలి. చిన్న స్టార్టప్‌లో చేరేటప్పుడు ఈ-వెరిఫై మాట ఇంటర్వ్యూ చివర్లో అడిగేయండి, మొహమాటపడొద్దు. ఓపీటీ ముగిసేలోపు దరఖాస్తు చేరితే, నిర్ణయం రాకపోయినా 180 రోజుల వరకు పని కొనసాగించవచ్చు.

రెండో మాస్టర్స్‌గా ఎంబీఏ చేశాను, ఓపీటీయే రాదంటున్నారు

12 నెలల ఓపీటీ ఒక్కో చదువు స్థాయికి ఒక్కసారే. ఎంఎస్ మీద వాడేసుకుంటే ఎంబీఏ కూడా మాస్టర్స్ స్థాయే కాబట్టి మళ్లీ రాదు. లాటరీ తగల్లేదని దేశంలో ఉండటం కోసం ఎంబీఏలో చేరినవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటున్నారు. అదే స్థాయిలో ఫుల్‌టైమ్ సీపీటీ (చదువుతుండగానే పని చేసే అనుమతి) 12 నెలలు చేసినా ఓపీటీ పోతుంది. వారానికి 20 గంటలు, అంతకు తక్కువ చేసే పార్ట్‌టైమ్ సీపీటీ ఈ లెక్కలోకి రాదు.

దీనికి చేరేముందే ఆలోచించడం తప్ప పరిష్కారం లేదు. ఎంబీఏ అవుతూనే నేరుగా హెచ్-1బికి వెళ్లగలిగే ఉద్యోగం వస్తుందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. 'మొదటి రోజు నుంచే సీపీటీ' అని పిలిచే కాలేజీల జోలికి వెళ్లకుండా ఉంటే మంచిదని నా అభిప్రాయం. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది అమెరికా ప్రభుత్వమే వేసిన వల అని 2019 జనవరిలో బయటపడింది. అందులో చిక్కుకున్నవాళ్లలో తెలుగు పిల్లలు చాలామంది. అన్ని కాలేజీలూ అలాంటివి కావు. అయినా క్లాసులు పేరుకే ఉండి పని మాత్రం ఫుల్‌టైమ్‌గా నడిచిన చరిత్ర ఉంటే, తర్వాత హెచ్-1బి స్టేటస్ మార్పు అడిగినప్పుడు ఆ రోజులన్నిటికీ లెక్క చెప్పమంటారు.

ఓపీటీ దరఖాస్తు తిరస్కరించారు

చాలాసార్లు తేదీల గొడవే అనుకోండి. ఐ-765 (ఓపీటీ దరఖాస్తు) వేయడానికి ప్రోగ్రామ్ ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు గడువు. దీనిలోపల ఇంకో గడువుంది: డీఎస్‌ఓ సెవిస్‌లో సిఫార్సు చేసిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేరాలి. చాలామంది కొత్త ఐ-20 తీసుకుని, ఫొటో తీయించుకుంటూ, ఫీజు చూసుకుంటూ ఈ 30 రోజులు దాటిస్తారు. 60 రోజుల గడువు ఇంకా మిగిలుంటే కొత్త సిఫార్సుతో కొత్త ఐ-20 తీసుకుని మళ్లీ వేయవచ్చు, మిగలకపోతే ఇక లేదు. అందుకే చివరి వారం దాకా ఆగకండి. ఉద్యోగం మొదలయ్యే తేదీ దగ్గరపడుతుంటే ప్రీమియం ప్రాసెసింగ్ ఉంది, 30 పనిదినాల్లో స్పందన వస్తుంది.

ఉద్యోగం రాలేదు, రోజులు కరిగిపోతున్నాయి

ఓపీటీలో మొత్తం 90 రోజులు మాత్రమే ఉద్యోగం లేకుండా ఉండవచ్చు. శనాదివారాలు కూడా లెక్కలోకే వస్తాయి. స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 కలుస్తాయి. ఆఫర్ ఇంకా రానివాళ్లు ఓపీటీ మొదలయ్యే తేదీని ప్రోగ్రామ్ ముగిశాక 60 రోజుల లోపు వీలైనంత ఆలస్యంగా పెట్టుకోవడం తెలివైన పని.

మొదటి 12 నెలల్లో చదువుకు సంబంధించిన పని వారానికి కనీసం 20 గంటలు ఉంటే, కార్మిక చట్టాలకు విరుద్ధం కానంతవరకు జీతం లేకపోయినా ఉద్యోగంగానే లెక్క. స్వచ్ఛంద సంస్థలో ఫైనాన్స్ పని, ప్రొఫెసర్ దగ్గర పరిశోధన, సొంతంగా రిజిస్టర్ చేసుకున్న కన్సల్టింగ్ పని, ఇవన్నీ గడియారాన్ని ఆపుతాయి. స్టెమ్ కాలంలో మాత్రం ఈ వెసులుబాటు లేదు. ఏ మార్పు జరిగినా పది రోజుల్లో సెవిస్ పోర్టల్‌లో నమోదు చేయండి. పని చేస్తూనే నమోదు మర్చిపోయి, రికార్డులో 90 రోజులు దాటినట్టు కనిపించి ఇబ్బంది పడేవాళ్లూ ఉన్నారు.

బెంచ్ మీద పెట్టుకుని ఆఫర్ లెటర్ ఇస్తాం, పేస్లిప్ మేం చూసుకుంటాం, డబ్బు మీరే కట్టండి అనే కన్సల్టెన్సీల సంగతి వాట్సాప్ గ్రూపుల్లో అందరికీ తెలుసు. ఆ లెటర్ 90 రోజుల సమస్యను తీర్చదు. ఇప్పటి నిరుద్యోగాన్ని తీసుకెళ్లి రేపటి మోసం కేసుగా మారుస్తుంది. మోసం అని రికార్డులో పడితే అమెరికా వీసా తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు.

'స్పాన్సర్‌షిప్ కావాలా?' దగ్గరే రిజెక్ట్ అవుతోంది

ఉద్యోగ దరఖాస్తులో వచ్చే ఈ వీసా ప్రశ్నకు నిజమే చెప్పాలి, 'ఇప్పుడు అవసరం లేదు, తర్వాత కావాలి' అని. అబద్ధం ఆడి చేరినా ఏడాది తిరగకుండానే ఆ మాట బయటపడుతుంది. దానికన్నా ముందే కంపెనీలను వడపోయండి. యూఎస్‌సీఐఎస్ (అమెరికా వలస సేవల సంస్థ) వాళ్ల హెచ్-1బి యజమానుల డేటా, కార్మిక శాఖ విడుదల చేసే ఎల్‌సీఏ (హెచ్-1బికి ముందు కంపెనీ వేసే దరఖాస్తు) వివరాలు ఉచితంగా దొరుకుతాయి. ఎవరు ఏ హోదాకు, ఏ ఊళ్లో, ఎంత జీతానికి దరఖాస్తు వేశారో కనిపిస్తుంది. ఎంబీఏ పిల్లలు దీన్ని వాడుకోవడం తక్కువ, ఎందుకో తెలియదు.

ఇప్పుడు కొత్త అడ్డంకి, కంపెనీ వేసే కొత్త హెచ్-1బి పిటిషన్ మీద లక్ష డాలర్ల రుసుము. 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్ష ప్రకటన తర్వాత చాలా హెచ్‌ఆర్‌లు విదేశీ విద్యార్థి అనగానే వెనక్కి తగ్గుతున్నారు. అదే ఏడాది అక్టోబరు 20న యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం, దేశంలోనే ఉండి ఎఫ్-1 (విద్యార్థి వీసా) నుంచి హెచ్-1బికి స్టేటస్ మార్పు పొందేవాళ్లకు ఇది వర్తించదు. ఈ ఒక్క ముక్కను ఆ పేజీ లింకుతో సహా రిక్రూటర్‌కి పంపండి. కొన్నిచోట్ల మనసు మారుతుంది.

ఇందులోనే ఒక ఉచ్చు ఉంది. స్టేటస్ మార్పు దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా అక్క పెళ్లి అని హైదరాబాద్ విమానం ఎక్కితే ఆ మార్పు అభ్యర్థన వదులుకున్నట్టే. అప్పుడు ఆ రుసుము కంపెనీ మీద పడుతుంది. పెళ్లి వీడియో కాల్‌లో చూడండి.

లాటరీలో పేరు రావడం లేదు

ఏటా 65,000 మామూలు కోటా, అమెరికా మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. రెండోది ప్రభుత్వ, లాభాపేక్ష లేని విద్యాసంస్థల డిగ్రీలకే. లాభం కోసం నడిచే స్కూల్లో ఎంబీఏ చేస్తే మామూలు కోటా ఒక్కటే దిక్కు.

2026 మార్చి లాటరీ రిజిస్ట్రేషన్ల నుంచి ఎంపిక జీతం స్థాయిని (కార్మిక శాఖ లెక్కలో ఒకటి నుంచి నాలుగు దాకా) బట్టి జరుగుతోంది. నాలుగో స్థాయి జీతానికి నాలుగు చీట్లు, మూడుకి మూడు, రెండుకి రెండు, ఒకటికి ఒకటే. కొత్తగా బయటికొచ్చినవాళ్లను చాలా కంపెనీలు మొదటి స్థాయిలో పెడతాయి. ఇక్కడ ఎంబీఏలకు ఒక అనుకూలత ఉంది: ముందు అనుభవం ఉంటుంది, జీతం కూడా బాగానే ఉంటుంది. స్థాయి అనేది జీతం, ఉద్యోగ వర్గం, పనిచేసే ఊరు మూడింటినీ కలిపి తేలుతుంది. శాన్ హొసేలో మొదటి స్థాయికి సరిపోయే జీతం చిన్న నగరంలో మూడో స్థాయి కావచ్చు. కార్మిక శాఖ వేతనాల సైట్‌లో మీ ఆఫర్ ఎక్కడ పడుతుందో చూసుకుని, రెండు ఆఫీసుల్లో ఏదో ఒకటి ఎంచుకునే అవకాశం ఉంటే అప్పుడు నిర్ణయించుకోండి. కాగితం మీద ఒక ఊరు, పని ఇంకో ఊళ్లో అంటే మాత్రం కుదరదు.

స్టెమ్ లేనివాళ్లకు ఒకే అవకాశం అన్నది కూడా పూర్తిగా నిజం కాదు. ఆఫర్ ముందే ఉంటే చివరి సెమిస్టర్ మార్చిలోనే రిజిస్టర్ చేయమని కంపెనీని అడగండి. మే నెలలో డిగ్రీ వస్తే, జూన్ 30 లోపు పిటిషన్ వేయడానికి మాస్టర్స్ కోటాకూ అర్హత ఉంటుంది. తర్వాతి మార్చి ఎలాగూ ఉంది. ఓపీటీ ముగియకముందే పిటిషన్ పడితే, హెచ్-1బి మొదలయ్యేదాకా లేదా తర్వాతి ఏప్రిల్ 1 వరకు, ఏది ముందైతే అప్పటిదాకా, పని కొనసాగించే క్యాప్-గ్యాప్ ఉంటుంది. ఓపీటీ అయిపోయాక 60 రోజుల గ్రేస్‌లో పిటిషన్ పడితే ఉండనిస్తారు, పని చేయనివ్వరు.

ఎంపికయ్యాక 'ఇది స్పెషాలిటీ ఉద్యోగమేనా' అని ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది

ఆర్‌ఎఫ్‌ఈ అంటే ఇంకా ఆధారాలు అడిగే ప్రభుత్వ లేఖ. హెచ్-1బి ఇచ్చేది ఒక ప్రత్యేక రంగపు డిగ్రీ అవసరమయ్యే (స్పెషాలిటీ) ఉద్యోగాలకే. ఈ చిక్కు ముఖ్యంగా బిజినెస్ డిగ్రీలదే. ఏ ప్రత్యేకతా లేని సాధారణ డిగ్రీతో చేయగల ఉద్యోగాన్ని స్పెషాలిటీగా ఒప్పుకోరు. 'బిజినెస్ లేదా సంబంధిత డిగ్రీ' అని రాసిన ఉద్యోగ వివరణ అధికారికి మంచి సాకు. 'మేనేజర్', 'అసోసియేట్' లాంటి హోదాలూ అంతే.

లాయర్ కాగితాలు రాయకముందే మీ మేనేజర్‌తో కూర్చోండి. రోజూ చేసే పనులు ఏమిటి, ఒక్కోదానికి ఎంత శాతం సమయం, అందుకు ఏ కోర్సు జ్ఞానం కావాలి అన్నది రాయించండి. ధరల నమూనాలు కట్టడానికి ఎకనామెట్రిక్స్, సరఫరా ప్రణాళికకు ఆపరేషన్స్ రీసెర్చ్, ఇలా మీ ట్రాన్స్‌క్రిప్ట్‌లోని సబ్జెక్టులతో ముడిపడాలి. ఫైనాన్స్, మార్కెటింగ్ అనలిటిక్స్ వంటి ప్రత్యేకత ట్రాన్స్‌క్రిప్ట్‌లో పేరుతో ఉంటే సగం పని అయినట్టే.

అన్ని మార్చిలూ అయిపోయాయి

విశ్వవిద్యాలయాలు, వాటికి అనుబంధంగా ఉండే లాభాపేక్ష లేని ఆసుపత్రులు, పరిశోధన సంస్థలకు లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా వేయవచ్చు. ఫైనాన్స్, ఆపరేషన్స్ ఉద్యోగాలు వాళ్ల దగ్గరా ఉంటాయి, జీతం కాస్త తక్కువ. కంపెనీకి హైదరాబాద్‌లో ఆఫీసు ఉంటే అక్కడికి బదిలీ అడగండి. ఏడాది ఆపకుండా పనిచేశాక ఎల్-1 (కంపెనీ లోపలి బదిలీ వీసా) మీద తిరిగి రావచ్చు, దానికి లాటరీ లేదు. కాకపోతే ఆ ఏడాది మేనేజర్ హోదాలో గానీ, కంపెనీకే ప్రత్యేకమైన పరిజ్ఞానం ఉన్న పనిలో గానీ గడవాలి. గచ్చిబౌలికి వెళ్లేముందే ఆ హోదా ఏమిటో రాతలో తీసుకోండి.

బ్రిటన్‌లో హై పొటెన్షియల్ ఇండివిడ్యువల్ వీసా ఉంది. ఆఫర్ అక్కర్లేదు, రెండేళ్లు ఉండవచ్చు. మీ యూనివర్సిటీ డిగ్రీ ఇచ్చిన సంవత్సరపు జాబితాలో ఉండాలి, డిగ్రీ వచ్చి ఐదేళ్లు దాటకూడదు, 1,270 పౌండ్లు 28 రోజులు ఖాతాలో నిలవుండాలి. దీనికి ఏటా పరిమిత సంఖ్యలోనే దరఖాస్తులు తీసుకుంటారు కాబట్టి, చివరి లాటరీ ఫలితం వచ్చిన వారంలోనే జాబితా చూసి పెట్టుకోండి.