మే ఎండకు నిలిచే ఇంటితోటను ఎలా తీర్చుకోవాలి?

విజయవాడ, గుంటూరులలో ఇంటితోట మొదలుపెట్టేవారిలో చాలామంది సంక్రాంతికి అటూ ఇటూగా నర్సరీకి వెళ్లి, విరగబూసిన గులాబీలను, చామంతులను, డేలియాలను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటారు. ఆ నెలల్లో ఇక్కడి వాతావరణం దాదాపు ఏ మొక్కకైనా సరిపోతుంది. నాలుగు నెలలు తిరిగి రోహిణీ కార్తె వచ్చేసరికి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది, కుండీలలో మట్టి అంచులు వదిలి గట్టిపడుతుంది, తోటలో సగం మాడిపోతుంది. నేను గుంటూరులో మొదటి రెండేళ్లు ఇలాగే మొక్కలను పోగొట్టుకున్నాను. పడమటి గోడకు ఆనించి పెట్టిన ఆరు గులాబీలలో ఒక్కటి కూడా జూన్ చూడలేదు. ఎండతో పాటు, రాత్రి పది దాటినా చల్లారని ఆ గోడ వేడి కూడా వాటిని చంపింది. మన ప్రాంతంలో తోటను జనవరిని చూసి కాక మే నెలను తలచుకుని తీర్చుకోవాలని, మొక్కలు కొనడాన్ని అన్నిటికన్నా చివరి పనిగా పెట్టుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

మొదటి పని: ఎండ దారిని గుర్తించడం

ఒక సెలవురోజున ఉదయం 8 గంటలకు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 4కు ఇంటి నీడ ఎక్కడిదాకా పడుతున్నదో చూసి, నేల మీద ముగ్గుపిండితో గీత గీయండి. ఈ పనిని ఒక్క కాలంలో చేసి ఊరుకుంటే మోసపోతాము. మన ఊళ్లు సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి కనుక, మే మొదటి వారంలోను, తిరిగి ఆగస్టు మొదటి వారంలోను మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. ఆ రెండింటి మధ్య మూడు నెలలు సూర్యుడు మనకు ఉత్తరంగా జరుగుతాడు కాబట్టి, చలికాలంలో ఎండ పొడ సోకని ఉత్తరపు సందులోకి కూడా జూన్‌లో ఎండ వస్తుంది. డిసెంబరు చివరలో ఇందుకు భిన్నంగా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. అప్పుడు మీ స్థలానికి దక్షిణాన 6 అడుగుల ప్రహరీ ఉంటే మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ 5 అడుగుల దాకా పడుతుంది. ఆ 5 అడుగులలో చామంతి, బంతి వేస్తే కాడలు సాగుతాయి, పూలు తగ్గుతాయి. ఆ చోటు కనకాంబరానికి ఇవ్వడం మేలు.

రెండో పని: కాగితం మీద తోట

వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు వేసే చోటును ముందుగా విడిచిపెట్టండి. చాలా ఇళ్లలో కుండీలన్నీ గుమ్మం ముందుకే చేరి, ధనుర్మాసం వచ్చాక గొబ్బెమ్మలు పెట్టేందుకు జాగా ఉండదు. తరువాత తులసికోట, నీటి కుళాయి, బకెట్ పట్టుకుని సులువుగా తిరిగే రెండున్నర అడుగుల దారి గీసుకోవాలి. మిగిలినదే మొక్కల స్థలం.

అందులో మొదట నిర్ణయించవలసినది పడమటి నీడ. స్థలం ఉంటే ఆ వైపున ఒక పారిజాతమో, దేవగన్నేరో నేలలో నాటండి. స్థలం లేకపోతే ఇనుప తీగల పందిరి కట్టి రాధామనోహరాన్ని పాకించండి. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మరునాటికి గులాబీ రంగుకు, ఆపైన ఎరుపుకు తిరిగే ఆ గుత్తులు అందమిస్తాయి, గోడ మీద పడే ఎండను ఆకులు అడ్డుకుంటాయి. ఈ ఒక్క నీడ కుదిరితే మిగిలిన తోటకు సగం కష్టం తగ్గుతుంది.

ఒక్కో రకం ఒక్కొక్కటి చొప్పున ఇరవై మొక్కలు పెడితే చూపు ఎక్కడా నిలవదు. నాలుగైదు రకాలనే ఎంచుకుని, ఒక్కొక్కదాన్ని మూడు నుంచి ఐదు మొక్కల గుంపుగా పెట్టండి. వెనుక వరుసలో ఏడాది పొడవునా ఆకు నిలిచే నందివర్ధనం, మందారం, నడుమ నూరువరహాలు, ముందు బిళ్లగన్నేరు, కనకాంబరం చక్కగా అమరుతాయి. వేసవిలో మనం తోటలో కూర్చునేది పొద్దుగూకిన తరువాతే కనుక, కుర్చీ వేసుకునే చోట తెల్లని పూలకు, సువాసనకు పెద్దపీట వేయాలి. చీకట్లో ఎర్రమందారం కనబడదు, నందివర్ధనం కనబడుతుంది, మల్లె కనబడకపోయినా తెలుస్తుంది. గన్నేరు ఎండకు ఎంత గట్టిదైనా దానిలో అన్ని భాగాలూ విషమే కాబట్టి, చిన్నపిల్లలున్న ఇళ్లలో నేను దాన్ని నాటమని చెప్పను.

మూడో పని: మట్టి

గుంటూరు వైపు చాలా ఇళ్లలో ఉండేది నల్లరేగడి. అది ఎండితే నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది, తడిస్తే ఉబ్బి నీటిని పట్టుకుని అక్టోబరు వానలకు వేళ్లను కుళ్లబెడుతుంది. దానిని పూర్తిగా మార్చాలనుకోవడం డబ్బు దండగ. నేల మట్టం కంటే 8, 9 అంగుళాలు ఎత్తుగా మళ్లు పోసి, మాగిన పశువుల ఎరువు ధారాళంగా కలిపి, నీరు వాలే వైపుకు చిన్న కాలువ తీస్తే చాలు. కృష్ణ ఒడ్డున ఒండ్రు నేల ఉన్నవారికి ఈ బాధ తక్కువ. కుండీలకైతే రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన ఎరువు, ఒక పాలు నానబెట్టి కడిగిన కొబ్బరిపొట్టు కలిపి, కుండీకి గుప్పెడు వేపపిండి వేయండి.

నల్లరేగడికి క్షారగుణం ఎక్కువ. అందుచేత నూరువరహాలు, మందారం లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. చాలామంది దీన్ని నీటి కొరత అనుకుని ఇంకా నీళ్లు పోస్తారు. మొక్కకు కావలసింది ఇనుము. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, సాయంత్రం పూట వారానికి ఒకసారి చొప్పున రెండు మూడుసార్లు ఆకుల మీద పిచికారీ చేస్తే కొత్త చిగురు ఆకుపచ్చగా వస్తుంది.

మేడ మీద తోట వేసేవారు బరువును లెక్కపెట్టాలి. ఒక ఘనపుటడుగు తడిమట్టి 50 కిలోలకు దగ్గరగా తూగుతుంది. పెద్ద కుండీలను దూలాలు, గోడలు ఉన్న వరుసలోనే, కింద గాలి ఆడేలా స్టాండ్ల మీద పెట్టండి.

నాలుగో పని: నాటడం

మృగశిర కార్తె దాటి, తొలకరి వానలు రెండు మూడు పడ్డాక నాటిన మొక్కకు వచ్చే మే నెలలోపు పదకొండు నెలల ఆయుష్షు, లోతైన వేళ్లు ఉంటాయి. జనవరిలో నాటినదానికి ఆ గడువు ఉండదు. మన నర్సరీలకు మొక్కలు ఎక్కువగా కడియం నుంచి వస్తాయి. వాటి వేళ్ల చుట్టూ ఉండే బంకమట్టి ముద్ద ఒకసారి ఎండితే నీటిని లోపలికి పోనివ్వదు. తెచ్చిన మొక్కను వారం రోజులు నీడలో ఉంచి, నాటే ముందు ఆ ముద్దను నీటిలో నానబెట్టి, పైపొరను వేళ్లు తెగకుండా వదులు చేయండి.

పూలకు వరస కుదుర్చుకోవడంలోనే తోటమాలి నేర్పు తెలుస్తుంది. సంక్రాంతికి బంతిపూలు కావాలంటే సెప్టెంబరు చివరలో నారు పోయాలి. చామంతి జూలైలో నాటితే చలికాలంలో పూస్తుంది. పగలు తగ్గి రాత్రులు పెరిగితేనే మొగ్గ తొడిగే మొక్క అది, కనుక రాత్రంతా వీధిదీపం వెలుగు పడే చోట పెట్టకండి. మల్లెకు నవంబరు చివర నుంచే నీరు తగ్గించి, జనవరిలోపు కొమ్మలను నేల నుంచి అడుగున్నర ఎత్తున కత్తిరించి, మిగిలిన ఆకు దూసి, ఎరువు వేసి నీరు పెడితే మార్చి నుంచి బుట్టలకొద్దీ పూస్తుంది. కత్తెర పెట్టడానికి మనసొప్పక వదిలేసిన మల్లె తీగగా సాగుతుందే తప్ప అంతగా పూయదు. కాగితపు పూల మొక్క నీరు తక్కువైనప్పుడే బాగా పూస్తుంది. ఎండ మాడ్చే మూలను దానికి ఇవ్వండి.

ఐదో పని: నీరు, వేసవి కాపుదల

నీరు సూర్యోదయానికి ముందు పోయడం అన్నిటికన్నా మంచిది. మధ్యాహ్నం మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, దానిని వేళ్లకు పోయకూడదు. రోజూ కొంచెం కొంచెం చల్లితే వేళ్లు పైపైనే ఉండిపోతాయి. వేలు రెండు అంగుళాలు దించి, పొడిగా తగిలినప్పుడు కుండీ అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోయండి. మేలో కుండీలకు ఇది రోజూ అవసరమవుతుంది, పెద్ద ఆకుల మొక్కలకు సాయంత్రం మరోసారి కూడా. బోరు నీరు ఉప్పగా ఉండేచోట కుండీ అంచున తెల్లని పొర కడుతుంది. వానాకాలంలో మంచి వాన నీరు రెండు మూడుసార్లు నిండుగా పారితే ఆ ఉప్పు కడుక్కుపోతుంది.

మార్చి మధ్యకల్లా మొక్కల మొదళ్లలో మూడు అంగుళాల మందాన వరిగడ్డి గానీ, ఎండుటాకులు గానీ కాండానికి తగలకుండా పరవండి. ఏప్రిల్ మొదటికి సగం ఎండను ఆపే 50 శాతం షేడ్‌నెట్ కట్టి, కుండీలన్నిటినీ ఒకదానికొకటి దగ్గరగా జరపండి. ఏప్రిల్, మే నెలల్లో కొమ్మలు కత్తిరించడం, రసాయనిక ఎరువులు వేయడం, కుండీలు మార్చడం పూర్తిగా మానుకోవాలి. ఆ రెండు నెలలు మొక్క ప్రాణం నిలుపుకుంటే చాలు, పెరగనవసరం లేదు.

మందారానికి పట్టే పిండినల్లికి మొదట చీమల బారును వెతకండి. చీమలే దానిని కొమ్మ నుంచి కొమ్మకు మోస్తాయి. పట్టిన కొమ్మలను కత్తిరించి తీసేసి, మిగిలిన మొక్కను నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి ఆకుల అడుగున కూడా తగిలేలా వారం వారం కొట్టాలి. ఎండ వేళ కొడితే ఆకు కమిలిపోతుంది.

వానలు మొదలైన వెంటనే షేడ్‌నెట్ విప్పేయండి. మొదళ్లలో కుళ్లిన గడ్డిని మట్టిలో కలిపి, మందారం, నందివర్ధనం కొమ్మల కొసలు కత్తిరించి, మాగిన ఎరువు వేయండి. కుండీల కింది పళ్లాలలో నిలిచే నీటిలో దోమ గుడ్డు వారం, పది రోజుల్లో దోమగా మారుతుంది కాబట్టి, ప్రతి శుక్రవారం వాటిని పారబోసి, అంచుకు అంటిన గుడ్లు పోయేలా పీచుతో తోమి బోర్లించండి.