మొక్కల అక్వేరియానికి కొత్త లైటు కొనేముందు ట్యాంకు మూత గాజు ఒకసారి తీసి చూడండి

"అన్నా, మొక్కలు సరిగా పెరగట్లేదు, లైటు మార్చాలేమో, తక్కువలో ఏదైనా చెప్పవా?" అని ఫోటో వస్తే నేను తిరిగి అడిగేది ఎప్పుడూ ఒకటే. లైటు రోజుకు ఎన్ని గంటలు వేస్తున్నారు? జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. పొద్దున లేవగానే వేస్తారు, రాత్రి పడుకునేముందు ఆపుతారు. అంటే 14 గంటలు. ఈ ఒక్కటి చూసుకోకుండా డబ్బులు తగలేసినవాళ్లను చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నాను. ట్యాంకు కడగడం, నీళ్లు మార్చడం, మొక్క నాటడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఆకుల మీద, గాజు మీద పాచి

ముందు గంటలు లెక్కపెట్టండి. 6 నుంచి 8 గంటలు చాలు. కొత్త ట్యాంకైతే మొదటి నెల 6 దాటొద్దు. మన జ్ఞాపకం మీద ఆధారపడకుండా ప్లగ్‌కి ఒక టైమర్ పెట్టేయండి. చక్రంలా తిరిగే చవక టైమర్‌తో ఒక చిక్కుంది. కరెంటు పోయినంతసేపూ అదీ ఆగిపోతుంది. రోజూ గంట కోత ఉంటే వారం తిరిగేసరికి మీ లైటు ఏడు గంటలు ఆలస్యంగా వెలుగుతుంది. పగలంతా కిటికీ వెలుతురు, అర్ధరాత్రి దాకా లైటు. పాచికి పండగే. ఆదివారం ఆదివారం టైమర్ తిప్పి సరిచేసుకోండి.

రెండోది కిటికీ. ట్యాంకు మీద గంటో రెండు గంటలో నేరుగా ఎండ పడుతుంటే మీ లైటు గురించి మాట్లాడుకోవడం దండగ. ఆ ఎండ ముందు ట్యూబులైటులా పొడుగ్గా ఉండే మన ఎల్‌ఈడీ బ్యాటెన్ ఎంత! నీళ్లు పచ్చరంగుకు తిరిగితే ముందు అనుమానించాల్సింది దాన్నే. వెనక గాజుకు నల్ల చార్టు అతికించండి, లేదా కర్టెన్ వేయండి.

అసలు లైటు సరిపోయేదేనా?

రెండడుగుల ట్యాంకు, అంటే 60 × 30 × 30 సెంటీమీటర్లది, నిండుగా 54 లీటర్లు. అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకరైన్, వాలిస్నేరియా లాంటి మొండి మొక్కలకు లీటరుకు 15 నుంచి 20 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుతురుకు కొలత) చాలు. అంటే మొత్తం ఎనిమిది వందల నుంచి వెయ్యి చిల్లర. ఇంట్లో గోడకు పెట్టుకునే రెండడుగుల 10 వాట్ల ఎల్‌ఈడీ బ్యాటెన్ దాదాపు అంతే ఇస్తుంది. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లోనో మీ వీధి చివరి ఎలక్ట్రికల్ షాపులోనో 6500 కెల్విన్, కూల్ డేలైట్ అని అడిగితే రెండు మూడు వందల్లో వచ్చేస్తుంది. డబ్బా మీద ల్యూమెన్లు ఎన్నో రాసి ఉండాలి. వాట్లు మాత్రమే రాసి, పక్కన మెరిసే ఆకు బొమ్మ వేసిన "ప్లాంట్ లైటు" వద్దు. ఎరుపు-నీలం కలిసిన గులాబీరంగు లైట్ల కింద మొక్కలు పెరగవని కాదు, పెరుగుతాయి. కానీ ఆ రంగులో మీ చేపలు ఎలా ఉంటాయో ఒకసారి చూసి కొనండి.

నేలంతా పచ్చిక పరిచినట్టు మాంటే కార్లో మొక్క కావాలంటే లెక్క వేరు. దానికి ఈ మొండి మొక్కలకు రెండు మూడింతల వెలుతురు, దాంతోపాటు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు కావాలి. చవక లైటుకు అది పట్టే పని కాదు.

ఇంటి బ్యాటెన్ తేమకు తట్టుకునేలా చేసింది కాదు. అందుకని నీటికీ దానికీ మధ్య మూత గాజు తప్పనిసరి. వైరు ప్లగ్ వైపు నేరుగా వెళ్లకుండా మధ్యలో కిందికి వేలాడేలా వదలండి. వైరు వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది, సాకెట్‌లోకి పోదు. ఇక గొడవంతా ఆ మూత గాజు దగ్గరే మొదలవుతుంది.

మొక్క సన్నగా సాగుతోంది, కింది ఆకులు రాలుతున్నాయి

నన్ను రెండేళ్లు తిప్పలుపెట్టింది ఇదే. హైగ్రోఫిలా, రొటాలా లాంటి కాడ మొక్కలైతే ముందుగా చెప్పేస్తాయి. కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరుగుతుంది. మొక్క వెలుతురు వెతుక్కుంటూ పైకి పరుగెడుతుంది. కింది ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే ఊడిపోతాయి. ఎవరు చూసినా "లైటు చాలట్లేదు" అంటారు. నిజమే, చాలట్లేదు. కానీ మూడు నెలల కిందట ఇదే లైటు చాలింది కదా? ఈ ప్రశ్న అప్పట్లో నాకు తట్టలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు. బకెట్లకు తెల్ల చారలు పడే రకం. ఫిల్టరు నీళ్లు చిమ్ముతుంది, గాలి బుడగలు పైకొచ్చి చిట్లుతాయి, ఆ తుంపర మూత గాజు అడుగున పడి ఆరిపోతుంది. నీరు పోతుంది, సున్నం మిగులుతుంది. రోజుకు ఇంత అని పేరుకుంటూ మూడు నాలుగు నెలల్లో పాలగాజులా తయారవుతుంది. దాని మీదే పల్చగా పచ్చపాచి కూడా పడుతుంది. పైభాగాన దుమ్ము, మేత వేసేటప్పుడు రాలిన పొడి సరేసరి.

ఇంత జరుగుతుంటే కనపడదా అంటే, కనపడదు. ఒకటి, రోజూ చూసేవాళ్లకు నెమ్మదిగా తగ్గే వెలుతురు తెలియదు. రెండోది అసలు మోసం. తడిగా ఉన్నప్పుడు సున్నం పొర కంటికి ఆనదు. మూత ఎత్తుతాం, అడుగున నీటి బొట్లు ఉంటాయి, తడిగుడ్డతో ఒక తుడుపు తుడుస్తాం, గాజు తళతళలాడుతుంది, తిరిగి పెట్టేస్తాం. నేను అలా ఎన్నిసార్లు తుడిచానో! అదే గాజును తీసి పావుగంట ఫ్యాను కింద ఆరబెట్టి ఉంటే బండారం బయటపడేది.

నేనేం చేశాను? రెండో బ్యాటెన్ కొన్నాను. మొక్కలు తేరుకున్నాయి, నా డాక్టరీ మీద నాకు గర్వం కలిగింది. సంక్రాంతికి ఇల్లు దులుపుతూ మా ఆవిడ ఆ మూత గాజును కూడా బాత్‌రూమ్ టైల్స్‌తో పాటు శుభ్రంగా రుద్ది, కడిగి ఇచ్చింది. పది రోజుల్లో అనూబియాస్ ఆకుల మీద పచ్చ చుక్కలు, జావా మాస్ నిండా వెంట్రుకల్లాంటి పాచి. ఎరువు మానేశాను, చేపల మేత తగ్గించాను, నీళ్లు రోజు విడిచి రోజు మార్చాను. కొత్తగా పెట్టిన లైటుకు తోడు పాత లైటు మొత్తం ఒక్కసారిగా లోపలికి దిగుతోందని తట్టలేదు. తర్వాత ఎప్పుడో మా బావగారి ట్యాంకు చూడ్డానికి వెళ్లి, ఆయన మూత తీసి టేబుల్ మీద పెడితే, మేం టీ తాగేలోపు ఆ గాజు తెల్లగా మారడం చూశాక గానీ నా ట్యాంకు కథ అర్థం కాలేదు.

పరీక్ష చాలా తేలిక. గాజు తీసి పూర్తిగా ఆరనివ్వండి. కింద నల్లగుడ్డ పరిచి చూడండి. ఇంకా అనుమానంగా ఉంటే ఫోన్‌లో ఉచితంగా దొరికే, వెలుతురు కొలిచే లక్స్ మీటర్ యాప్ వేసుకోండి. లైటును రెండు పుస్తకాల దొంతరల మీద ఆనించి, ఫోను తెర పైకి ఉండేలా కింద పెట్టండి. సెన్సరు ముందు కెమెరా పక్కనే ఉంటుంది. ఫోను కదపకుండా మధ్యలో గాజు ఉంచి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. ఆ అంకెలు పూర్తిగా నిజం కాకపోయినా వాటి మధ్య తేడా నిజమే. శుభ్రమైన మామూలు గాజు పదో వంతు వెలుతురు ఆపడం సహజం. అంతకంటే బాగా ఎక్కువ ఆగుతుంటే లైటు కాదు, గాజు దోషి.

వదిలించడానికి కిరాణా కొట్టు నిమ్మ ఉప్పు చాలు. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా కలపండి. వెనిగర్ ఉన్నా సరే. గాజును సింకు దగ్గర పడుకోబెట్టి, అడుగు భాగం మీద టిష్యూ పేపర్లు పరిచి ఆ నీళ్లతో తడపండి. చెవి దగ్గరపెడితే సన్నగా బుసబుస వినిపిస్తుంది, కాగితం కింద చిన్న చిన్న బుడగలు లేస్తాయి. అది సున్నం కరుగుతున్న చప్పుడు. అరగంట తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే మెత్తటి పెచ్చుల్లా ఊడొస్తుంది. మొండికేస్తే ఇంకోసారి. సబ్బు జోలికి పోవద్దు. బాగా కడిగి, ఆరబెట్టి, మళ్లీ నల్లగుడ్డ మీద చూసి అప్పుడు పెట్టండి. మూత గాజు లేకుండా అంచుకు బిగించే లైట్లకు కూడా ఇదే జబ్బు, వాటి ప్లాస్టిక్ మీదే సున్నం పడుతుంది. ప్లగ్ పీకి, అదే నిమ్మ ఉప్పు నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో అద్దండి, గీకొద్దు.

మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరగకూడదంటే, గాజు తళతళలాడిన రోజే టైమర్‌ను 5 గంటలకు తగ్గించండి. వారానికి అరగంట చొప్పున పెంచుతూ 7 దగ్గర ఆపండి. మసక వెలుతురుకు అలవాటుపడ్డ మొక్క ఒక్కరోజులో పుంజుకోదు, పాచి మాత్రం పుంజుకుంటుంది. రెండో లైటు కొనేసి ఉంటే దాన్ని తీసి వంటింట్లో పెట్టుకోండి, మేం అదే చేశాం. బోరు నీళ్ల ఇళ్లలో ఈ పని నెలకోసారి. బుడగలు వదిలే గాలి రాయిని ఒక మూలకు జరిపి, ఫిల్టరు మూతిని నీటిమట్టానికి కాస్త కిందికి దించితే తుంపర బాగా తగ్గుతుంది.

మిగతావి

నీటి మీద డక్‌వీడో అంతర తామరో చాపలా పరుచుకుంటే కింది మొక్కకు వెలుతురు అందదు, సగం తీసి పారేయండి. ఆకులకు చిల్లులు పడితే లైటు తప్పు కాదు, చాలాసార్లు పొటాషియం తక్కువై. కొత్త ఆకులే పాలిపోయి వస్తుంటే ఇనుము చూడండి. కొత్త ట్యాంకులో గోధుమరంగు పొర పడితే వేలితో తుడిచేయండి, కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. బ్యాటెన్ మిణుకుమిణుకుమంటుంటే చాలాసార్లు లోపలి డ్రైవరు, అంటే ఎల్‌ఈడీకి సరిపడా కరెంటు అందించే భాగం, పోతోందన్నమాట, రిపేరు ఖర్చుకు కొత్తదే వస్తుంది. కొత్తగా నాటిన క్రిప్టోకరైన్ వారంలో కరిగి జావైపోతే కంగారుపడి పీకేయకండి. వేరు బతికే ఉంటుంది, నెలలోపు అక్కడి నుంచే చిన్న ఆకు లేస్తుంది.